ఏడంగుళాలు తగ్గిన శామ్యూల్

"నా రొయ్యపొట్టు ఎవరు తిన్నారు?"

తలుపు తీసిన మనిషి చేతిలో గరిటె ఉంది. లోపల్నుంచి ఉల్లిపాయలతో వేగుతున్న రొయ్యపొట్టు వాసన గుప్పుమంది. ప్రిస్సిల్లాకి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఎవరండీ మీరు?" అన్నాడతను.

"ఆ మూకుట్లో వేగుతున్నదానికి ఓనర్ని. బందరు నుంచి మా మేనత్త పంపిన పార్సెల్ అది. నిన్న లీజింగ్ ఆఫీస్‌లో మీరే సంతకం పెట్టి పట్టుకెళ్లారట."

"అది నాకొచ్చిందండీ. పైన ఇంటిపేరు నాదే."

"ఏం ఇంటిపేరు?"

"త్రెల్‌గేట్."

ప్రిస్సిల్లాకి ఒళ్లు మండింది. రొయ్యలు తిన్నది చాలక పేరు కూడా తినేస్తున్నాడు! హ్యాండ్‌బ్యాగ్‌లోంచి డ్రైవింగ్ లైసెన్స్ లాగి అతని ముక్కు కింద పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు. గరిటె పక్కన పెట్టి లోపలికెళ్లి, మెడలో వేసుకునే ఆఫీస్ బ్యాడ్జ్ తెచ్చి చూపించాడు. వినయ్ కుమార్ త్రెల్‌గేట్.

ఇద్దరూ గుమ్మంలోనే నోళ్లు వెళ్లబెట్టుకుని నిలబడ్డారు.

అమెరికాలో ప్లెయిన్స్‌బరో ఊళ్లో, ఆ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో రెడ్లు నలభై మంది ఉంటారు, రావులకి లెక్కే లేదు. వాళ్ల పార్సెల్స్ తారుమారయ్యాయంటే అర్థముంది. త్రెల్‌గేట్! మన కుటుంబం తప్ప ఇండియాలో ఇంకెవరికీ ఈ పేరు లేదని ప్రిస్సిల్లాకి వాళ్ల నాన్న ఉగ్గుపాలతో చెప్పాడు.

"ఈ పేరు మా వాళ్లకి తప్ప ఎవరికీ లేదండీ" అన్నాడు వినయ్.

"అది మా డైలాగ్" అంది ప్రిస్సిల్లా.

లోపల్నుంచి అతని రూమ్మేట్ కౌశిక్, వరంగల్ పిల్లాడు, తొంగి చూశాడు. "అరే భాయ్, ఏమైందిరా? సగం అయితే తినేసినం. మిగిలింది డబ్బాల పెట్టి ఇయ్యాల్నా?"

"పెట్టివ్వండి" అంది ప్రిస్సిల్లా, చెయ్యి చాపి.

* * *

ఆదివారం మధ్యాహ్నం తెలుగు చర్చిలో సంగతి తేలిపోయింది. వినయ్‌కి చర్చి ఎక్కడుందో చెప్పింది ప్రిస్సిల్లాయే. చెప్పి ఎంత తప్పు చేసిందో ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర తెలిసింది.

వాళ్ల నాన్న జోసఫ్ సంఘ పెద్ద. ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో పని, వయసు యాభై తొమ్మిది. భార్య పోయి పన్నెండేళ్లయింది. కూతుర్నీ, తల్లి దీనమ్మనీ చూసుకుంటూ, మిగిలిన ప్రాణమంతా చర్చి మీదా ఇంటిపేరు మీదా పెట్టుకుని బతికే మనిషి. త్రెల్‌గేట్ దొర తెల్లగుర్రం మీద వచ్చి కృష్ణలో తన ముత్తాతకి స్వయంగా బాప్తిస్మం ఇచ్చాడనీ, పిల్లల్లేని ఆ దొర తన పేరే ఆయనకి రాసిచ్చాడనీ చర్చి సావనీర్‌లో ఆరు పేజీల వ్యాసం రాశాడు. చదవనివాళ్లకి నోటితో చెప్పాడు.

"మీ ముత్తాత పేరేంటి బాబూ?" అనడిగాడు వినయ్‌ని, ప్లేట్‌లో బిర్యానీ కలుపుకోవడం మానేసి.

"శామ్యూల్ అండీ. శామ్యూల్ త్రెల్‌గేట్. చిన్నప్పుడు కృష్ణా జిల్లాలో ఏదో మిషన్ బోర్డింగులో ఉన్నాడట. తర్వాత తెనాలి వచ్చేశాడు."

జోసఫ్ ప్లేట్ బల్ల మీద పెట్టేశాడు. "మా ముత్తాతా శామ్యూల్ త్రెల్‌గేటే! అదే బోర్డింగు! ఓరి దేవుడా! అంటే మీ తాతా మా తాతా అన్నదమ్ములు. మీ నాన్నా మా నాన్నా అన్నదమ్ముల బిడ్డలు. అబ్బాయీ, నువ్వు నాకు తమ్ముడివిరా!"

ఆయన ముప్పై ఏళ్ల తమ్ముణ్ని గుండెలకి అదుముకున్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మైకు దగ్గరికి లాక్కెళ్లాడు. ప్రభువు నాకు ఈ వయసులో తమ్ముణ్ని ఇచ్చాడని ప్రకటించాడు. హాలంతా చప్పట్లు.

"ప్రిస్సీ, ఇలా రా. మీ బాబాయి!"

ప్రిస్సిల్లాకి ఇరవై ఏడేళ్లు. బాబాయికి ముప్పై. బాబాయి మొహం నెత్తురుచుక్క లేకుండా ఉంది. ఆమె మాత్రం ఏమంత బాగుంది? వారం రోజులుగా లాండ్రీ రూమ్ దగ్గరా, మెయిల్ బాక్స్ దగ్గరా అతను కనిపిస్తాడేమోనని అక్కర్లేని ట్రిప్పులు వేస్తున్న సంగతి ఆమెకి ఒక్కదానికే తెలుసు.

* * *

ఆ తర్వాత ఆరు వారాలూ జోసఫ్ పుణ్యమే. వినయ్ హైదరాబాద్ నుంచి H-1B మీద వచ్చి ఎనిమిది నెలలు, ఇంకా డ్రైవింగ్ టెస్ట్ పాసవలేదు. "మా తమ్ముడికి డ్రైవింగ్ రాకపోవడమేంటి! ప్రిస్సీ, శనివారాలు బాబాయికి కారు నేర్పించు" అని హుకుం జారీ చేశాడు.

వేరే ఏ కుర్రాడి పక్కన కూచుని వెళ్లినా మూడు ఇళ్ల ఆంటీలు చెవులు కొరుక్కునేవాళ్లు. బాబాయి కాబట్టి చేతులూపి పంపించారు.

"మిర్రర్ చూడండి."

"చూస్తున్నా."

"వెనక కార్లు కనపడే మిర్రర్. నేను కనపడే మిర్రర్ కాదు."

"అది సరిగ్గా సెట్ చెయ్యలేదండీ. కొంచెం ఎడమకి తిరిగిపోయింది."

"మీరే తిప్పారు. నేను చూశాను."

అతను నవ్వు ఆపుకోలేక స్టాప్ సైన్ దాటేశాడు. ఆమె తిట్టింది. తిట్టినంతసేపూ అతను బుద్ధిగా విన్నాడు, అదొక పాటలాగా.

ఆరో శనివారం రూట్ వన్ మీద వాన కుంభవృష్టిగా పట్టుకుంది. వైపర్లు ఎంత కొట్టుకున్నా ముందున్న లారీ కనపడట్లేదు. ఒక షాపింగ్ ప్లాజాలోకి తిప్పించి ఆపించింది. అద్దాలన్నీ ఆవిరి పట్టాయి.

"ఒకటి అడగనా?" అన్నాడు వినయ్. "ఆరు వారాల్లో మీరు నన్ను ఒక్కసారి కూడా బాబాయి అనలేదు."

"రోడ్డు చూడండి."

"కారు పార్కింగ్‌లో ఉందండీ."

నిజమే. ప్రిస్సిల్లా తడబడింది. తర్వాత తిన్నగా చెప్పేసింది, మెలికలు తిప్పడం ఆమెకి రాదు. "ఒకసారి బాబాయి అన్నాక ఇంకేదీ అనడానికి ఉండదు. అందుకని."

వినయ్ ఇంజన్ ఆపేశాడు.

"నాకు నువ్వంటే ప్రాణం ప్రిస్సిల్లా" అన్నాడు వినయ్. అండీ ఎక్కడో జారిపోయింది. "ఎప్పుడు చెప్పాలో తెలియక చస్తున్నా. ఇప్పుడైనా చెప్పకపోతే కుదరదు. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ప్రాజెక్ట్ దేశం అటు చివర శాంటా క్లారాకి మారుస్తున్నారు. నా వీసా వాళ్ల చేతిలో ఉంది, కాదనలేను."

"అంటే మూడు వారాలు."

"మూడు వారాలు. అన్నయ్యా, నీ కూతుర్నిచ్చి పెళ్లి చెయ్యి అని ఆయన్ని ఎలా అడగను చెప్పు?"

ప్రిస్సిల్లాకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండేళ్ల కిందట చర్చిలో ఒక జంటది ఒకే ఇంటిపేరని, వరస కాదని, పెళ్లి ప్రకటన చదవనివ్వనని నాన్న లేచి నిలబడ్డాడు. వాళ్లు వేరే చర్చికి వెళ్లిపోయారు. ఊళ్లోవాళ్లకి చెప్పిన మాట తన ఇంట్లో తప్పాడంటే ఆయన ఆ హాల్లో మళ్లీ తలెత్తుకోలేడు. నాన్నని కాదని వినయ్ వెంట వెళ్లడం ఆమె వల్ల కాదు. అలాగని వినయ్‌ని వదులుకోవడం కూడా తనవల్ల కాదని ఆ వానలోనే తెలిసింది.

* * *

ప్రిస్సిల్లా ఉద్యోగం మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో. మందు తయారైన ప్రతిసారీ రాసిన రికార్డు ఆమె ముందుకొస్తుంది. ఎంత బరువు, ఎంత వేడి, ఎంతసేపు, ఎవరు సంతకం పెట్టారు. పెరగాల్సిన అంకె తగ్గినా, తగ్గాల్సింది పెరిగినా ఎర్ర జెండా పెడుతుంది. ఆమె సంతకం పెట్టందే మందు గేటు దాటదు. అలాంటి మనిషి "ముత్తాత ఒక్కడే" అన్న మాటని కాగితం చూడకుండా ఎలా నమ్ముతుంది?

రెండు రాత్రులు వెతికితే ఇంటర్నెట్‌లో ఒకావిడ దొరికింది. ఈడిత్ త్రెల్‌గేట్, పెన్సిల్వేనియాలో చిన్న ఊరు, రిటైరైన స్కూల్ లైబ్రేరియన్. ప్రపంచంలో ఎక్కడ త్రెల్‌గేట్ అన్నవాడున్నా తన జాబితాలో రాసుకోవడం ఆవిడ వ్యాపకం. ప్రిస్సిల్లా ఫోన్ చేసి ఇండియన్ త్రెల్‌గేట్‌ని అనగానే ఆవిడ సంతోషం పట్టలేక "హనీ, ఎప్పుడొస్తున్నావ్?" అంది.

"ఇంటిపేరు చరిత్ర కనుక్కోవడానికి వెళ్తున్నాం నాన్నా, నేనూ వినయ్ గారూ."

జోసఫ్ మొహం వెలిగిపోయింది. "దొరగారి ఫొటో దొరికితే తీసుకురండమ్మా."

ఈడిత్‌కి డెబ్బై తొమ్మిదేళ్లు. వంటింటి బల్ల మీద ఫైళ్లన్నీ ముందే పేర్చి ఉంచింది. ఈ పేరున్నవాళ్లు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద నూట ఎనభై ముగ్గురేనట.

"పేరు ఉత్తర ఇంగ్లండ్‌లో ఒక పల్లెది" అంది. "ఆ పల్లె ఇప్పుడు లేదు, గొర్రెలు మేస్తుంటాయి. వెయ్యేళ్ల కిందట సముద్రం దాటొచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్ల భాషలో త్రెల్ అంటే బానిస, గేట్ అంటే బాట. బానిసలు నడిచే బాట పక్కన ఊరన్నమాట. మనలో జమీందార్లు ఎవరూ లేరు. గొర్రెల కాపర్లు, చాకలివాళ్లు, మిల్లు కూలీలు."

"దొర?" అనడిగింది ప్రిస్సిల్లా, చిన్నగా. "ఇండియా వెళ్లిన మిషనరీ?"

"మనవాళ్లెవరూ ఇండియా వెళ్లలేదే! ఓ, నువ్వు హానా సంగతి అడుగుతున్నావా?"

హానా త్రెల్‌గేట్ ఈడిత్ వాళ్ల ముత్తాతకి అక్క. పెళ్లి కాలేదు. పెద్ద ఇళ్లవాళ్ల బట్టలుతికి ఇస్త్రీ చేసి బతికింది. తమ్ముడు అమెరికా వచ్చేశాక ఒక్కతే మిగిలింది. ఆ రోజుల్లో మిషన్‌వాళ్లు చర్చిల్లో చెప్పేవాళ్లట, ఏడాదికి ఇంత పంపితే ఇండియా బోర్డింగులో ఒక అనాథ పిల్లాడు మీ పేరు మీద పెరుగుతాడని. ఎవరు పోషిస్తే వాళ్ల ఇంటిపేరే పిల్లాడికి పెట్టేవాళ్లు. హానా ఒక పిల్లాణ్ని తీసుకుంది. వాడికి శామ్యూల్ త్రెల్‌గేట్ అని పేరొచ్చింది. ఏడాదికోసారి వాడి వివరాలు రాసి ఆమెకి కాగితం పంపేవాళ్లు.

"ఆ కాగితాలు ఉన్నాయా?"

ఉన్నాయి. హానా పోయాక ఆమె పెట్టెలతో పాటు తమ్ముడి ఇంటికి చేరాయి. ఏడు కాగితాలు, వయసు, ఎత్తు, తరగతి, శరీరం మీద గుర్తులు.

ప్రిస్సిల్లా కళ్లజోడు పెట్టుకుంది. ఆఫీస్‌లో కూచున్నట్టే కూచుని వేలు పెట్టి ఒక్కో అంకే చదువుకుంటూ పోయింది. 1896, పన్నెండేళ్లు, నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. గుర్తు: ఎడమ చెవి తమ్మె తెగి ఉంది. 1897, పదమూడేళ్లు, నాలుగడుగుల రెండంగుళాలు. గుర్తులు ఏమీ లేవు.

వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏడాది తిరిగేసరికి ఏ పిల్లాడైనా ఏడంగుళాలు తగ్గుతాడా?" అంది. "తెగిన చెవి మొలుస్తుందా?"

ఈడిత్ కాగితాలు లాక్కుని చూసుకుంది. నలభై ఏళ్లుగా దాచుకుంటూ ఒక్కసారి కూడా అంకెలు కలిపి చూడలేదావిడ.

వినయ్ కుర్చీలోంచి లేచిపోయాడు. "మా ముత్తాతని తెనాలిలో తెగచెవి శామ్యూలు అనేవాళ్లు! బోర్డింగులో కలరా వస్తే రాత్రికి రాత్రే పారిపోయి కాలవగట్ల వెంట నడుచుకుంటూ వచ్చాడని మా తాత చెప్పేవాడు."

అంతా అర్థమైపోయింది. పిల్లాడు కలరాకి పోయాడని బోర్డింగువాళ్లు అనుకున్నారు. హానా పంపేది ఆగిపోతుందని, అదే పేరు ఇంకో చిన్న పిల్లాడికి పెట్టి, వయసు మాత్రం పాతదే కొనసాగించారు. పారిపోయినవాడు వినయ్ ముత్తాత. పేరు తగిలించుకున్నవాడు జోసఫ్ ముత్తాత. ఇద్దరికీ నెత్తుటి చుక్క సంబంధం లేదు.

వినయ్ ఆమె చెయ్యి పట్టుకుని ఈడిత్ వంటింట్లోనే గంతులేశాడు. ప్రిస్సిల్లా గంతెయ్యలేదు. నాన్న సావనీర్ వ్యాసం కళ్ల ముందు కదులుతోంది.

* * *

తిరుగుదారిలో ప్రిస్సిల్లా కారు నడుపుతోంది.

"దొర లేడు. బట్టలుతికే ఆవిడ. పైగా మా ముత్తాతకి ఇచ్చింది ఇంకొకడి పేరు" అంది ప్రిస్సిల్లా. "నాన్నకి ఇది ఎలా చెప్పను? ఆయనకి ఉన్నదే ఆ పేరు."

"ఒక పని చేద్దాం" అన్నాడు వినయ్. "అటుదిటు చేసి చెప్పేద్దాం. మొదటి శామ్యూల్ మీవాడు, రెండోవాడు మావాడు. మా ఇంట్లో ఎవరికీ పట్టింపు లేదు. ఆయనకి అసలు పేరు దక్కుతుంది, మనకి పెళ్లవుతుంది."

ప్రిస్సిల్లాకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. రెండు మైళ్ల దూరం ఆశపడింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "తప్పని తెలిసిన రికార్డు మీద నేనెప్పుడూ సంతకం పెట్టలేదు వినయ్. మా నాన్న దగ్గర మొదలుపెట్టలేను. అది దాచి పెళ్లి చేసుకుంటే జీవితాంతం ఆయన కళ్లలోకి చూడలేను."

"ఆయన వద్దంటే?"

"అప్పుడు ఏడుస్తాను. ఇప్పుడు మాత్రం చెప్తాను."

ఆ సాయంత్రమే చెప్పింది. భోజనాల బల్ల మీద ఏడు కాగితాల నకళ్లూ పరిచి, మొదటి నుంచి చివరి దాకా. చివరికి "నేను వినయ్‌ని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను నాన్నా" అని కూడా అంది. జోసఫ్ కాగితాలు చూశాడు. కూతుర్ని చూశాడు. లేచి, కోటు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు.

కిటికీలోంచి చూస్తే సన్నని జల్లులో పార్కింగ్ లాట్ చుట్టూ తిరుగుతున్నాడు.

"తిరగనీవే" అంది నాయనమ్మ దీనమ్మ. ఎనభై రెండేళ్ల మనిషి, అప్పటిదాకా పెరుగన్నం తింటూ అంతా విన్నది. "నాకు తెలుసే ఇదంతా."

"నీకు తెలుసా!"

"నేను కాపరానికొచ్చేనాటికి ఆ ముసలాయన బతికే ఉన్నాడుగా. రెండు చెవులూ నిక్షేపంగా ఉండేవి. ఓ రోజు కాళ్లు పడుతుంటే చెప్పాడు, ఈ పేరు నాకంటే ముందు ఇంకో పిల్లాడిదమ్మా, వాడు పడుకున్న మంచం మీద పడుకోవాలంటే ఏడాదిపాటు భయమేసింది అని. వాడు ఏమయ్యాడో పాపం అని చచ్చేదాకా అనుకునేవాడు."

"మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు నాయనమ్మా?"

"వాడు దొర, గుర్రం అని మురిసిపోతుంటే నేనెందుకు నోరు విప్పాలీ? మీ అమ్మ పోయాక వాడికి ఆ కథ ఒక్కటేగా మిగిలింది" అంది దీనమ్మ, కంచం ముందుకి నెట్టి.

* * *

పది రోజులు జోసఫ్ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. చర్చికి వెళ్లాడు, చివరి వరసలో కూచుని వచ్చేశాడు. వినయ్ ఫోన్ చేస్తే ఎత్తలేదు. అతను డ్రైవింగ్ టెస్ట్ పాసయ్యాడని ప్రిస్సిల్లా చెబితే "ఊఁ" అన్నాడు. అవతల వినయ్ సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కుతోంది. "ఇగ పోతున్నవారా నిజంగనే?" అని కౌశిక్ దిగులు పడ్డాడు.

శుక్రవారం ఈడిత్ ఫోన్ చేసింది. ప్రిస్సిల్లా అన్న మాట తర్వాత ఆవిడకి నిద్ర పట్టక హానా పెట్టెలన్నీ తిరగేసిందట. హానా పంపిన ఉత్తరానికి తనే రాసి ఉంచుకున్న నకలు ఒకటి దొరికింది, 1897ది. ఫోన్‌లో చదవను, వచ్చి చూడండి అంది.

శనివారం పొద్దున ప్రిస్సిల్లా తాళాలు తీసుకునేసరికి జోసఫ్ బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"నేనూ వస్తాను. అమ్మ కూడా వస్తానంటోంది."

వినయ్ డ్రైవ్ చేశాడు. జోసఫ్ పక్క సీట్లో బిగుసుకుని కూచున్నాడు. మూడు గంటల ప్రయాణంలో ఆయన అన్నది ఒకటే మాట, "లేన్ మారు." వినయ్ మారాడు, మిర్రర్ చూసి మరీ.

ఈడిత్ ఉత్తరం బల్ల మీద పెట్టింది. పక్కన హానా ఫొటో, ముడి బిగించి కట్టిన జుట్టు, లావుపాటి చేతులు. జోసఫ్ ఆ చేతుల వంక చాలాసేపు చూశాడు. తర్వాత ఉత్తరం మౌనంగా చదువుకున్నాడు.

"తెలుగులో చెప్పరా, నాకేం తెలిసి చచ్చింది" అంది దీనమ్మ.

జోసఫ్ గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, మీ కాగితం అందింది. నేను రోజూ బట్టలు కొలిచి మడతపెట్టే మనిషిని. పిల్లలు ఎదగడం చూశాను గాని కుదించుకుపోవడం చూడలేదు. ఇతను వేరే పిల్లాడు. నా దగ్గర దాచక్కర్లేదు. ఇతనికీ అన్నం పెట్టండి, చదువు చెప్పించండి, నేను పంపేది పంపుతూనే ఉంటాను. పేరు నచ్చితే ఉంచుకోమనండి. ఇద్దరు పిల్లలైతే మాత్రం నాకు బరువా?"

ఆయన ఆగాడు. ప్రిస్సిల్లా కాగితం అందుకోబోతే వద్దని చెయ్యి ఊపాడు.

"కానీ మొదటివాడు ఏమయ్యాడో దయచేసి రాయండి. ఉన్నాడో లేడో తెలియకుండా ప్రార్థన చెయ్యడం కష్టంగా ఉంది."

దీనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "జవాబొచ్చిందా ఆ తల్లికి?"

ప్రిస్సిల్లా అడిగింది. ఈడిత్ తల అడ్డంగా ఊపింది. జవాబు లేదు. మరుసటి ఏడాది మామూలుగా ఇంకో కాగితం వచ్చింది, నాలుగడుగుల నాలుగంగుళాలు అని. హానా ఏమీ తెలియకుండానే పోయింది.

జోసఫ్ లేచాడు. వినయ్ మోచెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి లాక్కొచ్చి హానా ఫొటో ముందు నిలబెట్టాడు. ఫొటోతోనే మాట్లాడాడు, తెలుగులోనే.

"వాడు బతికాడమ్మా. తెనాలి దాకా నడిచి వెళ్లి బతికాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. ఇదిగో వాడి మునిమనవడు."

వినయ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "రెండో ఆయనే పేరు నిలబెట్టింది అంకుల్. మా ముత్తాత పారిపోయాడు. మీ ముత్తాత ఆ మంచం మీదే పడుకుని, చదువుకుని, టీచరయ్యాడు."

జోసఫ్ అతని భుజం తట్టాడు. కూతురి వైపు తిరిగాడు. పది రోజుల తర్వాత ఆమె మొహంలోకి నేరుగా చూడటం అదే మొదలు.

"ఆవిడ ఏడు సముద్రాల అవతల ఉండి, కళ్లతో చూడకుండానే ఇద్దరు పిల్లలూ వేరు వేరని చెప్పింది. నేను మీ ఇద్దర్నీ నా బల్ల దగ్గరే కూచోబెట్టుకుని ఒకే రక్తం అన్నాను. ఆదివారం మైకు దగ్గర ఈ ఉత్తరం నేనే చదువుతాను. ఆ రెండేళ్ల కిందటి జంటకి కూడా నేనే ఫోన్ చేస్తాను."

ప్రిస్సిల్లా నాన్న చొక్కాలో మొహం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. ఆయన ఆమె తల నిమురుతూ వినయ్ వంక చూశాడు.

"మీ అమ్మానాన్నలకి ఫోన్ కలుపు."

"ఇప్పుడా? అక్కడ అర్ధరాత్రి దాటింది అంకుల్. నిద్రపోతుంటారు."

"లేపు" అన్నాడు జోసఫ్.